మా బాబాయికి వీసా నేర్పిన విద్య

అడిగిన వెంటనే వీసా ఇచ్చే దేశాన్ని ఎప్పుడూ నమ్మకండి. అలాంటి దేశానికి మనుషులంటే బొత్తిగా ప్రేమ లేదన్నమాట!

తొందరపడి నన్ను తిట్టుకోకుండా ఒక్కసారి ఆలోచించండి. ఈ రోజుల్లో మన సంగతి ఎవరిక్కావాలి? పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చూసి మళ్ళీ గడియ పెట్టుకుంటారు. చుట్టాలు ఫోన్ చేసి, మనం ఎలా ఉన్నామో చెప్పేలోపే తమ మోకాళ్ళ నొప్పులు మొదలుపెడతారు. అలాంటి లోకంలో, మనం ఎక్కడ పుట్టాం, ఎవర్ని పెళ్ళి చేసుకున్నాం, ఏం చేసి బతుకుతున్నాం, మళ్ళీ ఇంటికెప్పుడొస్తాం అని ఓపిగ్గా అడిగే మనిషి ఒకే ఒక్కడు మిగిలాడు. గాజు పలక వెనక కూర్చున్న వీసా ఆఫీసర్! ఆయన్ని కూడా ఆడిపోసుకుంటే ఇక మనకి దిక్కెవరు?

నీకేం తెలుసు, నీకు పాస్‌పోర్టే లేదు కదా అని మీరనొచ్చు. లేదు, ఒప్పుకుంటాను. కానీ నాకు బాబాయి ఉన్నాడు. వీసా చట్టాలు చదివినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ చట్టాలు మా బాబాయి మీద ఎలా పనిచేశాయో పక్కన కూర్చుని చూసినవాణ్ణి మాత్రం నేనే.

బాబాయికి కళ్ళజోళ్ళ షాపుంది. మందుల షాపుకీ టైలరుకీ మధ్య ఇరుక్కుపోయిన చిన్న గది. గోడల నిండా ఫ్రేములు, ఒక మూల కళ్ళు పరీక్ష చేసే కుర్చీ, కౌంటర్ మీద చిటికెన వేలంత స్క్రూడ్రైవరు. ఆయనకో జబ్బుంది. ఎవరి మొహం మీదైనా కళ్ళజోడు వంకరగా కనిపిస్తే చూస్తూ ఊరుకోలేడు. బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా "ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని అడిగి, కాడలు సరిచేసి, అద్దాలు తుడిచి, తన చేత్తోనే తిరిగి పెట్టి, తల కాస్త వెనక్కి వంచి చూసుకుంటాడు. ఆయన పెళ్ళి ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే, పెళ్ళికొడుకు మాత్రం మామగారి కళ్ళజోడు వైపు చూస్తుంటాడు. పిన్ని ఆ ఫోటో హాల్లోనే తగిలించి ఉంచింది, దెప్పడానికి వీలుగా ఉంటుందని.

ఈ బాబాయికి ఒక అక్క. మాకు పెద్దత్త. నర్సు ఉద్యోగం మీద ఎప్పుడో వేరే దేశం వెళ్ళి అక్కడే ఉండిపోయింది. బాబాయి పుట్టగానే మా నానమ్మ మంచం పడితే, ఆయన్ని చంకనేసుకుని పెంచింది పెద్దత్తే. బడికి పంపేముందు గడ్డం పట్టుకుని, కదిలితే దువ్వెనతో నెత్తిమీద ఒకటిచ్చి, పాపిడి తీసేదట. ఆ పాపిడి ఇప్పటికీ అక్కడే ఉంది.

పెద్దత్తకి చూపు తగ్గడం మొదలైంది. అంచులు కనిపిస్తాయి, నడిమధ్య మసక. అంటే గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. ఫోన్‌లో బాబాయి మొహం అప్పటికే ఆవిడకి అలికేసినట్టు ఉండేది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కిటికీ వెలుతుర్లో దగ్గరగా చూస్తే మాత్రం ఇంకా పోల్చుకోగలదు. కంట్లో వరసగా ఇంజక్షన్లు వేయించుకోవాలి కాబట్టి ఆవిడ కదిలి ఇక్కడికి రాలేదు.

"ఉన్న కాస్తా పోయేలోపల ఒకసారి రారా. నీ మొహం చూసి దాచుకుంటాను" అంది ఫోన్‌లో.

ఆ జబ్బుకి కళ్ళజోడు లేదని బాబాయికి అందరికంటే బాగా తెలుసు. ఆ రోజు ఏడుపు ఆపుకోలేక షాపు పెందలాడే మూసేశాడు. మర్నాడే విజిటర్ వీసాకి దరఖాస్తు పెట్టాడు.

ఇంటర్వ్యూకి తోడు నేనే వెళ్ళాను. కౌంటర్ పైన ఒక బోర్డు ఉంది: అబద్ధపు సమాచారం ఇవ్వడం శిక్షించదగిన నేరం. బాబాయి ఎక్కడ ఏ బోర్డు కనిపించినా కింది వరస దాకా చదువుతాడు, వృత్తి అలాంటిది. దీన్నీ చదివాడు.

"ఎందుకు వెళుతున్నారు?"

"మా అక్కని చూడ్డానికండి."

"ఎప్పుడు తిరిగొస్తారు?"

ఇక్కడ లోకంలో ఎవరైనా ఒక తేదీ చెబుతారు. బాబాయి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఆవిడ ఇక చాల్లే వెళ్ళు అన్నప్పుడండి."

వీసా రాలేదు. తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నట్టు కనిపించడం లేదని రాసిచ్చారు.

"ఏదో ఒక తేదీ చెప్పడానికేం రోగం?" అని పిన్ని విరుచుకుపడింది.

"నాకే తెలియని తేదీ ఎలా చెప్పను?" అన్నాడు బాబాయి.

చదువరులారా, ఇక్కడే మీలో కొందరు అయ్యో పాపం అంటారు. అనకండి. ఆ రోజు వీసా ఇచ్చేసి ఉంటే బాబాయి వెళ్ళి, చూసి, వచ్చి, మళ్ళీ అదే స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు. ఇవ్వలేదు కనుకనే ఆయన ఒకే జన్మలో ఎన్ని అవతారాలెత్తాడో చూడండి!

మొదటిది పెట్టుబడిదారు అవతారం. ఇది ఎత్తించినవాడు ఒక వీసా కన్సల్టెంట్. ఆయన ఏ మాట చెప్పినా చివర "గ్యారంటీ లేదు గానీ" అంటాడు, అందుకని బజారంతా ఆయన్ని గ్యారంటీగారు అంటుంది. బట్టలు ఇస్త్రీ చేసే షాపు పైన ఆయన ఆఫీసు. కింద నుంచి ఆవిరి, పైన ఫ్యాను, మధ్యలో ఎప్పుడూ చెమట కారుతూ జనం. గోడ మీద వరసగా గడియారాలు, ఒక్కోదాని కింద ఒక్కో మహానగరం పేరు. అన్నీ మన టైమే చూపిస్తుంటాయి.

"విజిటర్ అంటే అనుమానిస్తారు సార్. ఇన్వెస్టర్ అంటే కుర్చీ వేస్తారు. అక్కడో ఫ్లాట్ కొనండి. గ్యారంటీ లేదు గానీ" అన్నాడు.

బాబాయి షాపు వెనకాల ఉన్న స్థలం అమ్మేశాడు. అటు డబ్బు పంపడానికి బ్యాంకుకెళితే, నేను ఆ రోజు ఒక అద్భుతం చూశాను. బాబాయి డబ్బు మధ్యాహ్నం భోజనాల వేళలోపే సరిహద్దు దాటేసింది! దాన్ని ఎవరూ నిలబెట్టి అడగలేదు. వేలిముద్ర లేదు, ఫోటో లేదు, ఎందుకొచ్చావని లేదు, ఎప్పుడు పోతావని అసలే లేదు. ఆ దేశం దాన్ని రెండు చేతులూ చాచి పిలుచుకుంది. డబ్బంటే మా పిన్నికి అంతవరకూ ఉన్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

ఫ్లాట్ పెద్దత్త ఇంటికి రెండు వీధుల అవతల. తాళం ఆవిడ దగ్గరే ఉంచారు. ఆవిడ చేతికర్రతో గోడలు తడుముకుంటూ వెళ్ళి కిటికీలు తీసి గాలాడనిచ్చేది. పెయింటరు వెళ్ళాడు, ప్లంబరు వెళ్ళాడు, లిఫ్టు బాగుచేసేవాడు దారి తప్పి వెళ్ళాడు. పిన్ని ఫోన్‌లో రంగులు చూసి కర్టెన్లు కూడా పంపించింది. ఆ ఫ్లాట్‌లో కాలు పెట్టనివాడు దాని యజమాని ఒక్కడే.

ఎందుకంటే, ఈలోగా అక్కడి నిబంధన మారింది. ఇకపై ఫ్లాట్ కొంటే చాలదు, వ్యాపారం పెట్టి పదిమందికి పని ఇవ్వాలన్నారు. సరే, పాత పద్ధతిలో విజిటర్‌గానే వెళదామని మళ్ళీ ఆ కౌంటర్‌కే వెళ్ళాం.

"మీకు అక్కడ సొంత ఇల్లుంది. ఇక తిరిగెందుకొస్తారు?" అన్నారు.

ఇంత తర్కం మీరెక్కడైనా చూశారా? ఇల్లు లేదన్నప్పుడు వద్దన్నారు, ఇల్లుందన్నప్పుడూ వద్దన్నారు. మాట మీద నిలబడటం అంటే ఇదీ!

"ఫ్లాట్ కొనకుండా ఉండాల్సింది సార్" అన్నాడు గ్యారంటీగారు, చాలా బాధగా.

రెండోది స్టార్టప్ అవతారం. దీనికి ఎవరికీ రాని ఆలోచన ఒకటి ఉండాలి. బాబాయి ఇంట్లో అందరినీ అడిగాడు. ఎవరికీ రాలేదు. అంటే ఎవరికీ రాని ఆలోచనేనని ధైర్యం తెచ్చుకుని తన కళ్ళజోళ్ళతోనే దరఖాస్తు పెట్టాడు. అవతల నుంచి ముగ్గురు కుర్రాళ్ళు వీడియోలో కూర్చుని మాట్లాడారు. ముగ్గురికీ గడ్డాలున్నాయి, ముగ్గురికీ కళ్ళజోళ్ళున్నాయి.

"మీ ఉత్పత్తి వల్ల వాడేవాడి జీవితంలో ఏం మారుతుంది?"

"కనిపిస్తుందండి" అన్నాడు బాబాయి.

వాళ్ళు ఇంకేమైనా చెబుతాడేమోనని ఎదురుచూశారు. బాబాయి వాళ్ళు ఇంకేమైనా అడుగుతారేమోనని ఎదురుచూశాడు. అలా చూసుకుంటుండగానే టైమైపోయింది.

మూడోది అసాధారణ ప్రతిభావంతుడి అవతారం. మీ ప్రతిభ గురించి పత్రికల్లో వచ్చి ఉండాలన్నారు. ఇంట్లో కాలమిస్టు ఉండగా ఇంకేం కావాలి? పత్రికలో ఇదే కాలమ్‌లో నేను బాబాయిని ఆకాశానికెత్తుతూ రాశాను, మీలో కొందరు చదివే ఉంటారు. గ్యారంటీగారు దాన్ని అనువాదం చేయించి పంపాడు. రచయిత మొత్తం వేళాకోళంగా రాసినట్టున్నాడని, ఇది రుజువు కింద చెల్లదని జవాబొచ్చింది. నా పాతికేళ్ళ సాహితీ జీవితంలో నన్ను ఇంత శ్రద్ధగా చదివిన విమర్శకుడు మరొకడు లేడు. ఆ దేశం మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

లాప్‌టాప్ మీద పనిచేసుకునేవాళ్ళకి కూడా ఒక వీసా ఉందట. బాబాయి లాప్‌టాప్ మీద చేసే పని ఒక్కటే, దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకోవడం. ఆ అవతారం విరమించుకున్నాం.

ఇక్కడ ఫోటోల సంగతి చెప్పాలి. ప్రతి దరఖాస్తుకీ ఇటీవల తీయించుకున్న ఫోటోనే కావాలంటారు. పాతది పెడితే ఒప్పుకోరు. ఆ ఫోటోలన్నీ పిన్ని ఒక డబ్బాలో దాచింది. వరసగా పేర్చి చూస్తే మొదటి దాంట్లో బాబాయి జుట్టు నల్లగా నిగనిగలాడుతుంటుంది. తర్వాత్తర్వాత చెవుల దగ్గర, ఆపైన నుదుటి దగ్గర, అలా అలా వెనక్కి తెలుపు పాకుతూ వెళుతుంది. పాపిడి మాత్రం కదల్లేదు. ఖర్చు లేకుండా మనిషి జీవితాన్ని ఇంత జాగ్రత్తగా నమోదు చేయించే శాఖ ప్రపంచంలో మరొకటుందా?

సంసారానికి వీసా చేసిన మేలు చెప్పనే లేదు. ప్రతి ఇంటర్వ్యూకి ముందూ డైనింగ్ టేబుల్ దగ్గర రిహార్సల్ జరిగేది. పిన్ని ఆఫీసరు, బాబాయి అర్జీదారు. పిన్ని ఆ పాత్రలో ఎంత లీనమైపోయిందంటే, ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఎప్పుడొస్తారో, ఎవరి ఖర్చుతో వెళుతున్నారో చెప్పందే చెప్పులు తొడుక్కోనిచ్చేది కాదు.

"మీ భార్యలో మీకు నచ్చిన గుణమేమిటి?" అని అడిగిందోరోజు. ఆ ప్రశ్న ఏ ఇంటర్వ్యూలోనూ లేదు. బాబాయి ఆవిడ కళ్ళజోడు తీసి అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఆ పూట ఆయనకి వీసా నిరాకరించారు, రెండోసారి కూర కూడా నిరాకరించారు.

మధ్య మధ్యలో పెద్దత్త ఫోన్. మొదట్లో "వీసా వచ్చిందిరా?" అని అడిగేది. తర్వాత అది అడగడం మానేసి వేరే కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు నవ్వుతూనే అంది: "ఇవాళ మంచినీళ్ళ గ్లాసు కనిపించింది గానీ, పట్టుకున్న నా చెయ్యి కనిపించలేదురా." బాబాయి కూడా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని, దాంతో ఏం చేయాలో తోచనివాడిలా చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఆఖరిది విశ్రాంత జీవి అవతారం, అంటే రిటైరైనవాళ్ళకిచ్చే వీసా. దీనికి తెలివితేటలు అక్కర్లేదు, పేపర్లో పేరు అక్కర్లేదు. వయసుండాలి, అది ఈపాటికి పుష్కలంగా వచ్చేసింది. ఒకే ఒక్క షరతు. అక్కడ ఏ పనీ చేయనని, తన వృత్తి జోలికి అసలే పోనని ఒప్పుకోవాలి.

"ఇది మాత్రం తప్పదు సార్. ఏమీ చేయకుండా కూర్చోవాలి, అంతే. గ్యారంటీ లేదు గానీ, దాదాపు గ్యారంటీ" అన్నాడు గ్యారంటీగారు. ఆయన నోట అంత మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బాబాయి పని చేయకపోవడం ప్రాక్టీసు చేశాడు. షాపులో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. వంకర కళ్ళజోళ్ళవాళ్ళు ఎదురుగా నడిచి వెళుతుంటే కళ్ళు మూసుకునేవాడు. పిన్ని కావాలని తన కళ్ళజోడు ఒక పక్కకి వంచుకుని ఇల్లంతా తిరిగేది. మొదట్లో విలవిల్లాడాడు. పోను పోను నిలదొక్కుకున్నాడు.

ఇంటర్వ్యూ రోజు అంతా సజావుగా సాగింది. తేదీలు అడగలేదు, ఆలోచనలు అడగలేదు. అవతల కూర్చున్న ఆఫీసర్ పెద్దమనిషి, నెమ్మదస్తుడు.

"అక్కడ ఏ పనీ చేయరు కదా?"

"చేయనండి."

"మీ కళ్ళజోళ్ళ పని కూడా?"

"ముట్టుకోనండి."

ఆఫీసర్ తృప్తిగా తల పంకించి, సంతకం చేయడానికి కలం తీసుకుని కిందికి వంగాడు. వంగేసరికి ఆయన కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారింది. ఎడమ పక్క కాస్త ఎక్కువగా జారింది. ఆయన వేలితో పైకి తోసుకున్నాడు. మళ్ళీ జారింది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన చెయ్యి జేబు వైపు పోతోంది. నేను మోచేత్తో పొడిచాను కూడా.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి" అన్నాడు బాబాయి.

ఆ గొంతులో ఏముందో గానీ, ఎవరైనా ఇచ్చేస్తారు. ఆఫీసర్ కూడా గాజు కింది సందులోంచి కళ్ళజోడు ఇచ్చేశాడు. బాబాయి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. ఆ పూట అది ఇంట్లో పెట్టి రావాలని మాలో ఎవరికీ తోచలేదు. మర బిగించాడు, కాడ వంచాడు, చొక్కా అంచుతో తుడిచాడు, తిరిగిచ్చాడు. ఆఫీసర్ పెట్టుకున్నాడు. చాలా కాలానికి లోకం తిన్నగా కనిపించినట్టుంది, ఆయన మొహం వికసించింది.

"బాగుందా అండి?"

"చాలా బాగుంది" అన్నాడు. ఆ తర్వాత ఆ కళ్ళజోడులోంచే కిందికి చూసి, నిబంధన స్పష్టంగా కనిపించి, నిజంగానే బాధపడుతూ నిరాకరణ రాశాడు. అర్జీదారు వృత్తి మానుకునే సూచనలు కనిపించలేదని! అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చాక పిన్ని తిట్టకుండా బాబాయికి రెండోసారి కూర వడ్డించింది. అదే భయమేసింది నాకు.

అంతా అయిపోయిందనుకుని మేం ఊరుకున్నాక, అక్కడ ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు పాతవాళ్ళ నిబంధన కొట్టేశారు. ఫ్లాట్ చాలన్నారు. అడగకుండానే బాబాయికీ పిన్నికీ వీసాలొచ్చాయి. ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చు, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, ఎప్పుడు తిరిగొస్తారని ఎవరూ అడగరు. గ్యారంటీగారు స్వీట్లు పంచి, తన వల్లే వచ్చిందన్నాడు.

అక్కడ జరిగింది పిన్ని ఫోన్‌లో చెప్పింది. ఫ్లాట్ తలుపు పెద్దత్తే తీసిందట. చేతికర్ర గోడకి ఆనించి, బాబాయి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టిందట, మంచి వెలుతురు వచ్చేచోట. అలవాటు మరి. అంచుల చూపు కూడా పోయి, ఆ వెలుతురు ఆవిడకి పనికిరాకుండా పోయి అప్పటికే చాలా కాలమైంది. కిటికీ ఎక్కడుందో కూడా ఆవిడకి చేత్తోనే తెలుసు.

గడ్డం పట్టుకుందట. ఇంకో చేత్తో నెత్తి తడిమి పాపిడి వెతికిందట. దొరికింది.

"అలాగే ఉన్నావురా. జుట్టు నెరవలేదు కదా?"

బాబాయి తలలో ఒక్క నల్ల వెంట్రుక లేదని పిన్నికి తెలుసు, డబ్బాలో ఫోటోలకి తెలుసు, ఆ దేశపు రికార్డులన్నిటికీ తెలుసు.

"లేదక్కా. నల్లగానే ఉంది" అన్నాడట బాబాయి, తడుముకోకుండా.

ఇన్నేళ్ళూ డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన జవాబులన్నీ కొట్టేసిన పిన్ని, ఆ జవాబు మాత్రం కొట్టేయలేదట. వెనక్కి తిరిగి కర్టెన్ సర్దుకుంటూ నిలబడిందట.

ఇప్పుడు చెప్పండి, వీసా ఆలస్యమవడం వరమా, కాదా? పెద్దత్త మనసులో బాబాయి ఇంకా నల్ల జుట్టుతోనే ఉన్నాడు. ఇక ఎప్పటికీ ఆయన ముసలివాడు కాడు. అంతకంటే ముఖ్యం, పుట్టి బుద్ధెరిగాక నిజం తప్ప మరొకటి రాని మా బాబాయికి ఆ ఆఫీసు ఓపిగ్గా, ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి, అబద్ధం చెప్పడం నేర్పింది.

ఆ విద్యేదో మొదటి ఇంటర్వ్యూ నాడే వచ్చి, ఏదో ఒక తేదీ చెప్పేసి ఉంటే, ఆయనకి ఈ అబద్ధం చెప్పాల్సిన పనే ఉండేది కాదు.